ఫోటోలోని పైరును లెక్కించుట: ప్రోగ్రాము వ్రాయ నేర్చుకొనువారికి తొలి పాఠములు

పొలము గట్టున నిలబడి రైతు "సగము పోయినది" అనును. అదే పొలమును చూచి, లెక్క వ్రాసికొన వచ్చినవారు "పావు వంతుకు మించదు" అందురు. ఇద్దరిలో ఎవరును అబద్ధమాడుట లేదు. కంటి అంచనా అట్టిది. ప్రకృతి వైపరీత్యములందు పెట్టుబడి సహాయము పొందుటకు ఉండవలసిన కనీస పంట నష్టమును 2015వ సంవత్సరములో 50 శాతము నుండి 33 శాతమునకు తగ్గించిరి. ఈ గీతకు ఇటు 30 అని వ్రాసినచో ఒక ఫలితము, అటు 36 అని వ్రాసినచో మరియొక ఫలితము. నడుమ నున్నది ఒక కుటుంబపు ఏడాది కష్టము.

నేడు దాదాపు ప్రతి ఇంట ఫోటో తీయు ఫోను కలదు. పైరు ఎంత మేర నేలను కప్పినది, ఎంత నేల బోసిగా నున్నది అను సంగతిని ఫోటో నుండి అంకెలలో రాబట్టవచ్చును. దీనికి కంప్యూటరు ప్రోగ్రాము కావలెను. ఆ ప్రోగ్రామును మీరు గాని, కాలేజీలో చదువుచున్న మీ అబ్బాయి గాని, అమ్మాయి గాని స్వయముగా వ్రాసికొనుట సాధ్యమే. ఇంజనీరు కానక్కర లేదు. కూడిక, తీసివేత, శాతము వచ్చి, ఓపిక యున్న చాలును.

ముందుగా ఒక మాట. పచ్చదనము తగ్గినంత మాత్రమున దిగుబడియు అంతే తగ్గినదని చెప్పుటకు వీలు లేదు. ప్రభుత్వము వారి పంట నష్టపు గణనకు ఈ లెక్క బదులు కాదు. ఇది కొలబద్ద వంటిది. దానిని సరిగా పట్టుకొనుటయే ఇక్కడి పాఠము.

ప్రోగ్రాము అనగా నేమి?

చేయవలసిన పనిని వరుసగా, ఒకటి విడువక వ్రాసిన ఆజ్ఞల పత్రమే ప్రోగ్రాము. క్రొత్తగా కుదిరిన జీతగానికి "మడికి నీరు పెట్టు" అన్నచో, మడి నిండగానే మడవ కట్టవలెనని అతడు తనంతట తాను గ్రహించును. కంప్యూటరునకు ఆ తెలివి లేదు. కట్టుమని చెప్పనిచో గట్టు తెగువరకు పారించుచునే యుండును. చెప్పినది తప్పైనను అంతే శ్రద్ధగా చేయును. తరువాత చెప్పబోవు సంగతులన్నియు దీనిని బట్టియే యున్నవి.

ఆజ్ఞలు వ్రాయుటకు భాషలు అనేకము కలవు. శాస్త్ర సంబంధమైన లెక్కలకు నేడు విరివిగా వాడుచున్నది పైథాన్. దీనిని నెదర్లాండ్స్ దేశస్థుడగు గైడో వాన్ రోసమ్ 1991వ సంవత్సరములో వెలువరించెను. పేరు కొండచిలువను బట్టి వచ్చినది కాదు, ఆయనకు ఇష్టమైన ఒక ఇంగ్లీషు హాస్య కార్యక్రమమును బట్టి వచ్చినది. ఇది పూర్తిగా ఉచితము. దీనితో కలిపి వాడుకొను సాధనముల మూటలును ఉచితమే. అంకెల పట్టికలకు నంపై, వర్షపు లెక్కల వంటి తేదీల పట్టికలకు పాండాస్, గీతలు గీయుటకు మ్యాట్‌ప్లాట్‌లిబ్, ఫోటోలకు సైకిట్-ఇమేజ్ అనునవి ముఖ్యమైనవి. ఇన్ని పేర్లు చూచి బెదరవలదు. మొదటి నెలలో వీనిలో ఒక్కటియు అక్కర లేదు.

తొలి అభ్యాసము వర్షపు లెక్కతో

ఫోటోలో కోట్ల అంకెలుండును. తప్పు జరిగినను కంటికి కనబడదు. కావున నేర్చుకొనువారు వర్షపు లెక్కతో ప్రారంభించుట మేలు. పది పన్నెండు అంకెలైనచో వ్రేళ్ళపై సరిచూచుకొనవచ్చును.

వర్షమాపకమును ప్రతి దినము ఉదయము 8-30 గంటలకు చూచి మిల్లీమీటర్లలో వ్రాయుదురు. 2.5 మిల్లీమీటర్లు గాని అంతకు మించి గాని పడిన దినమును వాతావరణ శాఖ వారు వర్షపు దినముగా ఎంచుదురు. పన్నెండు దినముల అంకెలు ఇట్లున్నవనుకొనుడు: 0, 4, 0, 0, 1, 0, 22, 0, 0, 0, 0, 0. వరుసగా ఎక్కువ దినములు వాన లేకుండ గడచినది ఎప్పుడు? ఎన్ని దినములు? వేరుశనగ ఊడలు దిగు సమయమున ఈ ప్రశ్నకు ఎంత విలువ కలదో రైతులకు వేరుగా చెప్పనక్కర లేదు.

దీనిని ఆజ్ఞలుగా వ్రాయుదము. "వరుస" అను పేరుతో ఒక గిన్నెను పెట్టి అందులో సున్న ఉంచుము. "పెద్దది" అను పేరుతో మరియొక గిన్నెను పెట్టి అందులోను సున్న ఉంచుము. ఒక్కొక్క దినపు అంకెను తీయుము. అది 2.5 కంటె తక్కువైనచో "వరుస"కు ఒకటి కలుపుము. కానిచో, "వరుస"లో ఉన్నది "పెద్దది" కంటె ఎక్కువైన యెడల దానిని "పెద్దది"లో వ్రాసి, "వరుస"ను మరల సున్న చేయుము. అంకెలన్నియు అయిన పిమ్మట "పెద్దది"లో ఉన్నదానిని చూపుము.

ప్రోగ్రాములలోని పనులు చాల వరకు ఈ మూడే: పేరు పెట్టి దాచుట, ఒకే పనిని మరల మరల చేయుట, ఒక షరతును బట్టి నిర్ణయించుట. పైథాన్‌లో ఈ ఆజ్ఞలు పది పండ్రెండు పంక్తులు కూడ మించవు.

ఇప్పుడు కాగితముపై చేసి చూడుడు. మొదటి దినము వరుస 1. రెండవ దినము వాన వచ్చెను గనుక పెద్దది 1, వరుస సున్న. మూడవ దినము నుండి ఆరవ దినము వరకు వరుస 4 అయినది. అయిదవ దినమున పడిన ఒక మిల్లీమీటరు లెక్కలోనికి రాదు. ఏడవ దినమున వాన, పెద్దది 4. తరువాత అయిదు దినములు వాన లేదు, వరుస 5. అంకెలు అయిపోయినవి. ప్రోగ్రాము 4 అని చూపును.

కాని సరియైన జవాబు 5 గదా! తప్పు ఎచ్చట జరిగినది? వాన వచ్చిన దినముననే "పెద్దది"ని సరిచూడుమంటిమి. చివరి బెట్ట ఇంకను ముగియలేదు. దానిని ముగించు వాన రాలేదు గనుక ప్రోగ్రాము దానిని లెక్కలోనికి తీసికొనలేదు. ఇది ఉట్టి బడిపిల్లల తప్పు కాదు. నేడు పైరును ఎండబెట్టుచున్న బెట్టయే పట్టికలో కనబడకుండ పోయినది. ప్రోగ్రాము ఆగిపోలేదు, ఎర్ర అక్షరములలో హెచ్చరికయు ఈయలేదు, నిబ్బరముగా 4 అని చెప్పినది. దీనికి విరుగుడు సులభమే. వాన వచ్చిన దినమున మాత్రమే కాక, ప్రతి దినమును "వరుస"ను "పెద్దది"తో పోల్చి చూడుమని వ్రాసినచో 5 వచ్చును.

వర్షపు పట్టికలను పాండాస్‌తో తెరచునపుడు మరి రెండు చోట్ల జాగ్రత్త వలెను. మన దేశములో 05-06-2023 అనగా జూన్ 5. పాండాస్ దానిని అమెరికా పద్ధతిలో మే 6గా తీసికొనును. తేదీ ముందు వచ్చునని మనమే చెప్పవలెను. చెప్పనిచో తొలకరి వాన వేసవి వానగా మారును. రెండవది, వ్రాయక విడిచిన గడి. ఆ దినమున వాన పడలేదని కాదు, కొలువలేదని అర్థము. దానిని సున్నగా తీసికొనుట గ్రామ లెక్కలలో తరచు జరుగు పొరపాటు. ఇది కంప్యూటరు రాక ముందు నుండియు ఉన్నదే.

ఫోటో అనగా అంకెల పట్టిక

ఇక ఫోటో సంగతి. ఫోటోను ఎంతో పెద్దది చేసి చూచినచో చిన్న చిన్న చదరపు చుక్కలుగా కనబడును. వీనిని పిక్సెళ్ళు అందురు, మనము చుక్కలు అందము. అడ్డముగా 4000, నిలువుగా 3000 చుక్కలున్న ఫోటోలో మొత్తము 1 కోటి 20 లక్షల చుక్కలుండును. ఒక్కొక్క చుక్కకు మూడు అంకెలు. ఎరుపు ఎంత, పచ్చ ఎంత, నీలము ఎంత అని. ప్రతి అంకెయు 0 నుండి 255 వరకు ఉండును. కంప్యూటరు దృష్టిలో ఫోటో అనగా ఇంతే, మూడు అంకెల గడులు గల పెద్ద అడంగలు వంటి పట్టిక.

ఎర్రనేలలో వేరుశనగ పైరును పైనుండి తీసిన ఫోటోను తీసికొందము. ఆకుపై నున్న ఒక చుక్కలో ఎరుపు 90, పచ్చ 140, నీలము 60 అనుకొనుడు. ప్రక్కనున్న నేల చుక్కలో ఎరుపు 150, పచ్చ 115, నీలము 85. పైరును నేల నుండి వేరు చేయుటకు 1995వ సంవత్సరము నుండి వాడుకలో నున్న సులభ సూత్రము ఒకటి కలదు. పచ్చను రెట్టింపు చేసి, అందులో నుండి ఎరుపును, నీలమును తీసివేయవలెను. ఆకునకు 280 లో నుండి 90, 60 తీసివేయగా 130. నేలకు 230 లో నుండి 150, 85 తీసివేయగా మైనస్ 5. ఎక్కువ వచ్చినది పైరు, తక్కువ వచ్చినది నేల. 20 కి పైబడినవన్నియు పైరు అని గీత గీసి, అట్టి చుక్కలను లెక్కించి, మొత్తము చుక్కలతో భాగించినచో పైరు కప్పిన శాతము వచ్చును. 48 లక్షల చుక్కలు పైరైనచో 40 శాతము.

నేర్చుకొనుచున్నవారు ఈ సూత్రమును ఉన్నదున్నట్లు వ్రాసి నడిపినపుడు తరచు ఒక వింత జరుగును. పైరున్న ఫోటోకు 90 శాతము దాటి వచ్చును. ఏమియు లేని దుక్కి ఫోటో పెట్టినను అంతే వచ్చును! బోడి నేలను నిండు పైరని చెప్పును.

కారణము తెలిసికొనదగినది. ఫోటోను తెరచినపుడు నంపై దాని అంకెలను చిన్న గడులలో ఉంచును. ఒక్కొక్క గడిలో 0 నుండి 255 వరకే పట్టును. 255 దాటినచో మరల సున్న నుండి మొదలగును, సున్న కంటె క్రిందికి దిగినచో 255 నుండి వెనుకకు వచ్చును. గోడ గడియారమును తలచుకొనుడు. ఒంటి గంట నుండి మూడు గంటలు వెనుకకు త్రిప్పినచో ముల్లు మైనస్ రెండు వద్ద ఆగదు, పది వద్ద ఆగును. అట్లే ఇచ్చట నేలకు రావలసిన మైనస్ 5 కాస్త 251 అగును. ఆకు 130 వద్దనే యుండును. అనగా నేల ఆకు కంటె పచ్చగా నున్నదని తేలినది. మామూలు అంకెలకు పైథాన్‌లో ఈ హద్దు లేదు. చిత్రపు పట్టికలకే ఉన్నది. అందువలన చిన్న లెక్కలు చేసి చూచినపుడు బయటపడని తప్పు ఫోటో వద్ద బయటపడును. బయటపడును అనుటయు తప్పే. కంప్యూటరు నోరు మెదపదు, దుక్కి ఫోటోతో పరీక్షించినవారికే తెలియును.

విరుగుడు ఒక్క పంక్తి. సూత్రము వేయక పూర్వమే పట్టికలోని అంకెలను దశాంశ సంఖ్యలుగా మార్చుమని చెప్పవలెను. అప్పుడు మైనస్ 5 మైనస్ 5 గానే యుండును.

ఎవరైనను పొలము శాతము చెప్పు ప్రోగ్రామును గాని యాప్‌ను గాని మీ ముందు పెట్టినచో, మొదట వట్టి దుక్కిని చూపించుడు. సున్నకు దగ్గరగా రావలెను. తరువాత ఆకులు నిండిన మడిని చూపించుడు. నూటికి దగ్గరగా రావలెను. ఈ రెండును చెప్పలేని ప్రోగ్రాము నడుమ నున్న 33 ను చెప్పునని నమ్ముట ఎట్లు?

నీడ, పండుటాకు

సూత్రము సరిగా నడచిన తరువాత నీడ సంగతి వచ్చును. పై ఆకు నీడలోనున్న క్రింది ఆకు చుక్క ఎరుపు 20, పచ్చ 28, నీలము 18 అనుకొనుడు. సూత్రము ప్రకారము 56 లో నుండి 38 తీసివేయగా 18. మన గీత 20 గనుక అది నేల అయిపోయినది. కాని అది ఆకే. వెలుతురు తగ్గుటచే మూడు అంకెలును కలిసి తగ్గినవి. కావున వచ్చిన ఫలితమును మూడు అంకెల మొత్తముతో భాగించవలెను. నీడలోని ఆకునకు 18 ని 66 తో భాగించగా 0.27. ఎండలోని ఆకునకు 130 ని 290 తో భాగించగా 0.45. నేలకు సున్నకు కొంచెము క్రింద. ఇప్పుడు 0.20 వద్ద గీత గీసినచో ఆకులు రెండును ఒక ప్రక్కకు, నేల ఒక ప్రక్కకు వచ్చినవి.

పండుటాకు ఎటు పోవలెను? ఎరుపు 190, పచ్చ 175, నీలము 110 ఉన్న పసుపు పచ్చని ఆకును తీసికొనుడు. 350 లో నుండి 300 తీసివేయగా 50, దానిని 475 తో భాగించగా 0.11. గీత 0.20 వద్ద ఉన్నచో అది పైరు కాదు. గీతను 0.10 కి దించినచో అది పైరే. నీరు నిలిచి సగము పైరు పసుపుబారిన పొలమునకు ఈ చిన్న తేడా వలన జవాబు పూర్తిగా మారిపోవును. ఏది సరి? దీనికి కంప్యూటరు వద్ద జవాబు లేదు. పసుపుబారిన మొక్క కోలుకొనునా, లేదా అన్నది పంట తెలిసినవారు చెప్పవలసిన మాట. ప్రోగ్రాము వ్రాసినవారు ఊరక ఒక అంకె ఎన్నుకొని, "కంప్యూటరు చెప్పినది" అనుట న్యాయము కాదు. గీత ఎచ్చట గీసిరో, ఎందుకు గీసిరో ఫలితము ప్రక్కనే వ్రాయవలెను.

ఫోటో తీయుట, దారముతో సరిచూచుట

వెదురు బద్దలతో మీటరు పొడవు, మీటరు వెడల్పు గల చట్రమును కట్టుడు. దానిని పైరుపై ఉంచి, ఫోనును నేలకు సమముగా పట్టుకొని, చట్రము మాత్రము నిండుగా పడునట్లు తిన్నగా పైనుండి ఫోటో తీయుడు. మీ నీడ చట్రములో పడరాదు. మబ్బు పట్టిన వేళ అన్నిటికంటె మేలు. ఫోటోకు మెరుగులు దిద్దు ఏర్పాట్లు ఫోనులో ఉన్నచో ఆపివేయుడు. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటో కుదించబడును గనుక అసలు ఫోటోనే కంప్యూటరులోనికి ఎక్కించుడు.

చట్రమును ఎచ్చట వేయవలెను అనుట అన్నిటికంటె ముఖ్యము. రైతు పోయిన చోటనే వేయును, అధికారి దారి ప్రక్కన బాగున్న చోటనే వేయును. ఈ చిక్కును తీర్చుటకే 1940వ దశకములో పి. సి. మహలనోబిస్, పి. వి. సుఖాత్మే గార్లు పంట దిగుబడి అంచనాలలో యాదృచ్ఛిక నమూనా పద్ధతిని ప్రవేశపెట్టిరి. పంట కోత ప్రయోగములలో నేటికిని అదే పద్ధతి. పైథాన్‌కు "1 నుండి 80 లోపల ఒక అంకె చెప్పు" అన్నచో చెప్పును. పొడవున అన్ని అడుగులు, వెడల్పున మరియొక అంకె చొప్పున అన్ని అడుగులు నడచి, అచ్చటనే చట్రము వేయుడు. ఒక పొలములో పది చోట్లకు తక్కువ కారాదని నా అభిప్రాయము.

ఇక సరిచూచుట. చట్రమునకు అడ్డముగా పది, నిలువుగా పది దారములు కట్టుడు. వంద కూడళ్ళు ఏర్పడును. ఫోటో తీసిన పిమ్మట పైనుండి చూచి, ఎన్ని కూడళ్ళ క్రింద ఆకు ఉన్నదో లెక్కించుడు. 37 కూడళ్ళ క్రింద ఆకున్నచో 37 శాతము. ప్రోగ్రాము 40 అన్నచో తగవు లేదు. వంద కూడళ్ళ లెక్కలో నాలుగైదు అటు ఇటు అగుట సహజము. ప్రోగ్రాము 62 అన్నచో దారమునే నమ్ముడు, ప్రోగ్రాములో తప్పు వెదకుడు. ప్రతి క్రొత్త పంటకు, ప్రతి క్రొత్త నేలకు మొదటి నాలుగైదు చట్రములను ఇట్లు సరిచూడవలెను. ఎర్రనేలలో కుదిరిన గీత రేగడిలో కుదురకపోవచ్చును. కలుపునకును పైరునకును ఈ సూత్రము తేడా చూపదు గనుక కలుపు తీయని చేనిలో దీనిని వాడరాదు.

ఉపగ్రహ చిత్రములు

ఇదే విద్య ఉపగ్రహ చిత్రములకును పనికివచ్చును. ఐరోపా వారి సెంటినెల్-2 ఉపగ్రహములలో మొదటిది 2015లో ఎగిరినది. వాని చిత్రములను ఎవరైనను ఉచితముగా దింపుకొనవచ్చును. అందులో ఒక్క చుక్క నేలపై 10 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. అనగా 100 చదరపు మీటర్లు, ఇంచుమించు ఒక గుంట. సెంట్ల లెక్కలో రెండున్నర. ఎకరమునకు నలుబది చుక్కలు. కంటికి కనబడని పరారుణ కాంతిని పచ్చని ఆకు ఎక్కువగా తిప్పికొట్టును గనుక, పరారుణము నుండి ఎరుపును తీసివేసి, రెంటి మొత్తముతో భాగింతురు. పరారుణము 40, ఎరుపు 8 అయినచో 32 ను 48 తో భాగించగా 0.67, బాగుగా నున్న పైరు. 25, 18 అయినచో 0.16, దాదాపు బోడి నేల.

ఇచ్చటను మనమే చూచుకొనవలసిన చిక్కులు కలవు. మేఘము అడ్డు వచ్చినచో ఈ అంకె సున్నకు దగ్గరగా పడిపోవును. మేఘములను తీసివేయుమని చెప్పని ప్రోగ్రాము శ్రావణ మాసములో ఊరు మొత్తము పైరు పోయినదని చెప్పును. మరియు అర ఎకరము చెక్కకు వచ్చునవి ఇరువది చుక్కలే. వానిలో అనేకము గట్టుపై, ప్రక్క పొలముపై సగము సగము పడినవే. చిన్న కమతముల విషయములో గట్టు చుక్కలను విడిచి లోపలి చుక్కలనే తీసికొనుట మేలు. ఎన్ని మిగిలినవో కూడ వ్రాయుట న్యాయము.

నేర్చుకొనుటకు ఇంట కంప్యూటరు లేకున్నను, అంతర్జాల కేంద్రములో గూగుల్ కొలాబ్ అను పుటను తెరచి పైథాన్ వ్రాయవచ్చును. ఐ.ఐ.టి. బొంబాయి వారి స్పోకెన్ ట్యుటోరియల్, స్వయం అను ప్రభుత్వ విద్యా వేదిక ఈ భాషను ఉచితముగా బోధించుచున్నవి. పాఠములు వినుటతో సరిపెట్టక, వాన లెక్కను ఎవరి సహాయము లేకుండ వ్రాయగలుగువరకు ఫోటోల జోలికి పోకుండుట మంచిది.

వచ్చిన ఫలితముతో పాటు ఒక కాగితముపై ఈ వివరములు వ్రాసి ఉంచుడు: ఫోటో తీసిన తేదీ, వేళ, సర్వే నంబరు, చట్రములు వేసిన చోట్ల అడుగుల లెక్క, గీత గీసిన అంకె, దారముతో వచ్చిన శాతము. అసలు ఫోటోలను, ప్రోగ్రామును కూడ చెరిపివేయక దాచుడు. రేపు మరియొకరు వచ్చి, "ఈ 36 ఎట్లు వచ్చినది?" అని అడిగినచో, అవే ఫోటోలను, అదే ప్రోగ్రామును వారి చేతికిచ్చి వారినే మరల నడిపి చూడుమనవచ్చును.